పాత బోటు: థ్రాటిల్ లివరు బిగుసుకుపోయింది, బాక్సు మార్చాలా?

ఉప్పుగాలి, వేళచ్చేరి
శనివారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. నేనూ మా బావగారూ కలిసి రెండేళ్ళ కిందట ఒక పాత ఫైబర్ బోటు కొన్నాం. 17 అడుగులుంటుంది, వెనక 40 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డు ఇంజిను. చెన్నై పక్కన ముట్టుకాడు వైపు తెలిసినవాళ్ళ స్థలంలో పెట్టుకుని, సెలవు దొరికినప్పుడు కోవళం బ్యాక్‌వాటర్‌లో తిప్పుకుంటాం. నడిపేవాడి కుడిచేతి పక్కన కంట్రోల్ బాక్సు ఉంది. ఒకటే లివరు. గేరు పడేదీ దాంతోనే, ఎక్సలేటరు పెరిగేదీ దాంతోనే.

అక్టోబరులో వానలు మొదలవగానే టార్పాలిన్ కప్పి వదిలేశాం. సంక్రాంతి సెలవుల్లో పిల్లలను తీసుకెళ్ళి దింపితే లివరు రెండు చేతులతో నెట్టాల్సి వచ్చింది. ముందుకు తోయడమే కష్టంగా ఉంటే, వెనక్కి లాగడం ఇంకా కష్టం. ఒడ్డుకు వస్తూ వేగం తగ్గిద్దామని లాగాను, కదల్లేదు. మా చిన్నది ముందు కూర్చుని ఉంది. ఇంకేం ఆలోచించకుండా తాళం తిప్పేశాను. బోటు ఆ ఊపులోనే వెళ్ళి ఇసుకలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తెలిసిన మెకానిక్ ఒకాయన వచ్చి బాక్సులో స్ప్రే కొట్టి, లివరును పదిసార్లు ఆడించి సరిపోయిందన్నాడు. రెండు రోజులకు మళ్ళీ అంతే. ఇప్పుడు బాక్సు మొత్తం మార్చాలంటున్నాడు. డబ్బు పెట్టడానికి వెనకాడటం లేదు, కానీ జబ్బు అక్కడే ఉందని నమ్మకం కుదరడం లేదు. ఎక్కడి నుంచి చూసుకు రావాలో చెప్పండి.

లంగరు
శనివారం, రాత్రి 10.05

ముందు ఒక మాట అండి. ఇది తేలేదాకా ఆ బోటును నీళ్ళలో దింపకండి. ఒక్కరే అయినా సరే, ట్రయల్ అని కూడా వద్దు. బిగుసుకున్న ఎక్సలేటరు తగ్గే చోట పట్టేస్తే కనీసం వేగం పెరగదు. పెరిగే చోట పట్టేస్తే ఏమవుతుందో మీరే చూశారు.

ఇంజిను ఆపే ఎర్ర తాడు, చేతికో నడుముకో తగిలించుకునేది, మీ బోటుకు ఉందా? లాగితే నిజంగా ఆగుతోందా? చాలామంది అది బాక్సుకు వేలాడుతుంటే చాలనుకుంటారు.

ఉప్పుగాలి, వేళచ్చేరి
శనివారం, రాత్రి 10.20

తాడు ఉందండి. ఆ రోజు నా చేతికి లేదు, బాక్సుకే వేలాడుతోంది. రేపు పొద్దున వెళ్ళి పనిచేస్తోందో లేదో చూస్తాను.

నెల్లూరు తీరం
శనివారం, రాత్రి 11.15

మాకూ ఇలాగే అయింది. డబ్ల్యూడీ-40 బాగా కొట్టి ఒక రాత్రంతా నాననిస్తే వదిలింది. అది కూడా ఒకసారి చేసి చూడండి.

కాశిమేడు పానా
ఆదివారం, ఉదయం 6.10

తమ్ముడూ, నేను చెన్నై చేపల రేవు కాశిమేడులో 28 ఏళ్ళుగా ఇంజిన్ల పనే చేస్తున్నాను, మాది చీరాల. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

స్ప్రే సంగతి ముందు. డబ్ల్యూడీ అంటే నీటిని తరిమేది అని. తడిసినదాన్ని ఆరబెట్టడానికి, తుప్పు పట్టిన నట్టు వదలడానికి బాగా పనికొస్తుంది. గ్రీజులాగా నిలబడదు, కొన్నాళ్ళకు ఆరిపోతుంది. పైగా బాక్సులో పాత గ్రీజుంటే దాన్ని కూడా కరిగించేస్తుంది. అందుకే నీకు రెండు రోజులు సుఖంగా ఉండి మళ్ళీ బిగుసుకుంది.

నీ చేతి కింద లివరు ఒకటే ఉన్నా దాని వెనక మూడు ఉన్నాయి. బాక్సు, కేబులు, ఇంజిను మీది లింకులు. మూడూ కలిపి ఉన్నప్పుడు ఎంత ఆడించినా ఏది బిగుసుకుందో ఎవడూ చెప్పలేడు. విడదీసి ఒక్కొక్కటీ చేత్తో చూడాలి. తాళం తీసి జేబులో వేసుకో. ప్లగ్గు వైర్లు పీకెయ్. ఎక్సలేటరు కేబులు తీసి ఉండగా ఇంజిను స్టార్ట్ చేయకూడదు, గుర్తుపెట్టుకో.

కేబులు ఇప్పే ముందే ఒకటి చూడు. న్యూట్రల్ నుంచి మొదటి 30 డిగ్రీల దాకా లివరు కదిపేది గేరునే. ఎక్సలేటరు ఆ తర్వాతే లేస్తుంది. ఆ మొదటి ముక్కలోనే బిగువుంటే జబ్బు గేరు వైపు. ఇంజిను ఆగి ఉన్నప్పుడు గేరు పళ్ళు ఎదురెదురుగా నిలబడి లివరును అడ్డుకుంటాయి, అది జబ్బు కాదు. ఒకరు ప్రొపెల్లరును చేత్తో మెల్లగా తిప్పుతుంటే ఇంకొకరు లివరు వేస్తే పడుతుంది. బలం పెట్టి వేస్తే గేరు కేబులు వంగుతుంది. న్యూట్రల్‌లోనే ఎక్సలేటరు ఒక్కటే లేపే ఏర్పాటు నీ బాక్సుకు ఉంటుంది. కొన్నిటికి బటను, కొన్నిటికి చిన్న మీట. దాంతో లేపి చూడు. అప్పుడు కూడా బిగువే అయితే గేరును పక్కన పెట్టి ఎక్సలేటరు వైపు రా.

ఇంజిను మూత తీసి, ఎక్సలేటరు కేబులు కొసన ఉన్న పిన్ను తీసి కేబులు విడదియ్. ఇప్పుడు ఇంజిను మీది లింకును వేలితో తిప్పు. మెత్తగా తిరిగి, వదలగానే వెనక్కి రావాలి. అక్కడే బిగువుంటే కార్బొరేటరు షాఫ్టులూ ప్లాస్టిక్ బుష్షులూ ఒక్కటే కాదు, ఇంకో చోటు కూడా చూడాలి. పాత టూ-స్ట్రోకుల్లో చాలావాటికి ఆ లింకు ఫ్లైవీలు కింద, స్పార్కు వేళను సర్దే టైమింగు ప్లేటును కూడా తిప్పుతుంది. ఆ ప్లేటు కింది గ్రీజు ఎండి బంకలా అయితే లివరు బరువెక్కుతుంది. కార్బొరేటరు శుభ్రం చేసి చేసి అలసిపోయినవాళ్ళను చూశాను, వాళ్ళెవరూ ఆ ప్లేటు చూడలేదు.

లింకు మెత్తగా ఉంటే, కేబులు ఇంజిను వైపు విడిగా ఉండగానే లివరు కదిపి చూడు. ఇంకా బిగువుంటే కేబులో బాక్సో. అప్పుడు బాక్సు వైపు కూడా కేబులు తీసెయ్. ఉత్త బాక్సు లివరు కదుపు. ఉత్త కేబులును రెండు కొసలా పట్టుకుని తోసి లాగు. చేతికే తెలిసిపోతుంది.

ఏది తీసినా తీసే ముందు ఫోటో తీసుకో. కేబులు కొస మరలో ఎన్ని చుట్లు ఉందో లెక్కపెట్టి గోళ్ళ రంగుతో గుర్తు పెట్టు.

పాతబండి
ఆదివారం, ఉదయం 8.30

కేబులే అయితే పుదుపేటలో నాకు తెలిసిన కొట్టు ఉంది. పాత బళ్ళకు ఎక్సలేటరు కేబులు కొలత చెబితే అక్కడికక్కడే కట్టి ఇస్తారు. నా 1980ల నాటి స్కూటరుకు అలాగే చేయించాను.

కాశిమేడు పానా
ఆదివారం, ఉదయం 8.50

పాతబండి గారూ, మంచి మనసుతో చెప్పారు, కానీ బోటుకు అది పనికిరాదు. బండి కేబులు లాగడానికే. తిరిగి వెనక్కి తెచ్చేది స్ప్రింగు. బోటు కేబులు లాగాలి, నెట్టాలి కూడా. బండి వైరుతో నెట్టబోతే లోపలే ముడుచుకుంటుంది. బోటు కేబులు అడ్డంగా కోసి చూస్తే నడుమ ఉక్కు తీగ, దాని చుట్టూ ప్లాస్టిక్ గొట్టం, ఆ గొట్టం చుట్టూ నిలువుగా పేర్చిన ఉక్కు తీగల వరస, పైన ప్లాస్టిక్ తొడుగు కనిపిస్తాయి. ఆ నిలువు తీగలు ఉండబట్టే నెట్టినా గొట్టం సాగదు. ఇది కొట్లో కట్టి ఇచ్చేది కాదు, తయారైనదే కొనాలి.

ఉప్పుగాలి, వేళచ్చేరి
ఆదివారం, సాయంత్రం 5.45

పానా అన్నా, మీరు రాసింది ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. బావగారు చదువుతుంటే నేను చేశాను.

ఎర్ర తాడు లాగితే ఇంజిను వెంటనే ఆగింది. డ్రమ్ము నీళ్ళలో పెట్టి చూశాం. ఆ తర్వాతే తాళం తీసి, ప్లగ్గు వైర్లు పీకాం.

న్యూట్రల్‌లో ఎక్సలేటరు ఒక్కటే లేపాను, అదే బిగువు. కేబులు తీసి ఇంజిను లింకు వేలితో తిప్పితే వెన్నలా తిరిగింది, వదిలితే టక్కున వెనక్కి వచ్చింది. కేబులు అక్కడ విడిగా ఉండగానే లివరు కదిపితే ఇంకా రాయే. అంటే ఇంజినుది కాదు.

బాక్సు విప్పడానికి గంట పట్టింది. మరలు తుప్పు పట్టి ఉన్నాయి. ఉత్త బాక్సు లివరు కొంచెం బిగువుగానే ఉంది. కానీ లోపల ఒక మర చివరిదాకా బిగించేసి ఉంది. దాన్ని రెండు చుట్లు వదులు చేస్తే లివరు హాయిగా కదిలింది. ఆ మర ఏమిటి?

కేబులు దగ్గరికి వస్తే, ఒక కొస నేను, ఇంకో కొస బావగారు పట్టుకుని తోశాం. మధ్యలో ఎక్కడో గరగరమని ఆగిపోతోంది. బలంగా నెడితే నా చేతి దగ్గర కేబులు విల్లులా వంగింది కానీ అవతలి కొస కదల్లేదు.

లంగరు
ఆదివారం, సాయంత్రం 6.05

ఆ మర ఎక్సలేటరు బిగువు సర్దేది. అలలకూ ఇంజిను అదురుకూ లివరు తనంతట తాను జారకుండా పట్టి ఉంచడానికి పెడతారు. సవ్యదిశలో తిప్పితే బిగువు పెరుగుతుంది. మీ కన్నా ముందున్నవాళ్ళెవరో లివరు జారుతోందని అంతా బిగించేసి ఉంటారు. ఇప్పుడు పూర్తిగా వదిలేయకండి. లివరు మీరు పెట్టిన చోట నిలబడాలి, వేళ్ళతో నెడితే కదలాలి, అంతవరకు ఉంచండి. పూర్తిగా వదిలేస్తే నడుస్తుండగా తనంతట తానే జారి వేగం మారిపోతుంది, అదీ ప్రమాదమే.

గోదారి లాంచి
ఆదివారం, రాత్రి 8.20

కేబులు పారేయకండి. మా నాన్నగారి లాంచికి మేం చేసేది చెబుతాను. కేబులు మొత్తం బయటికి తీసి చెట్టుకు నిలువుగా వేలాడదీస్తాం. పైకొసకు ప్లాస్టిక్ సీసా మూతి కట్టి పల్చటి ఇంజినాయిలు పోస్తాం. రెండు రోజుల్లో కిందికొస నుంచి తుప్పు రంగు నూనె కారుతుంది. రంగు తేరేదాకా పోస్తూనే ఉండాలి. మా లాంచికి అలా చేసి మూడేళ్ళు నడిపాం.

కాశిమేడు పానా
ఆదివారం, రాత్రి 9.00

గోదారి లాంచి గారూ, మీరు చెప్పేది నిజమే, వదులుతుంది. సముద్రంలోకి వెళ్ళి ఇల్లు చేరాల్సినప్పుడు నేనూ చేశాను. కానీ మీది మంచినీళ్ళు, గోదారి. ఇక్కడిది ఉప్పు. ఉప్పునీళ్ళు తొడుగులోకి దిగాయంటే నడుమ ఉక్కు తీగకు తుప్పు పట్టి లావెక్కి ఉంటుంది. నూనె పోస్తే తుప్పు జారుడవుతుందే కానీ తీగ మళ్ళీ సన్నబడదు. తుప్పు తిన్న చోట తీగ బలం తగ్గి ఉంటుంది కూడా. ఏ రోజు తెగుతుందో తెలియదు. ఈ కేబుళ్ళు తయారయ్యేటప్పుడే లోపల జారుడు పూత పూసి కొసలు మూసేస్తారు. పైనుంచి గ్రీజు ఎక్కించడానికి చేసినవి కావు. పిల్లలను ఎక్కించే బోటు ఇది. కొత్తది వెయ్యమనే నేను చెబుతాను.

గోదారి లాంచి
ఆదివారం, రాత్రి 9.15

ఉప్పు సంగతి నేను ఆలోచించలేదు. పిల్లలు ఎక్కే బోటు అన్నప్పుడు మీ మాటే సరైనది.

సుళ్ళూరుపేట
ఆదివారం, రాత్రి 10.30

నేను ఇప్పటిదాకా చదువుతూనే ఉన్నాను. పులికాట్ ముఖద్వారం దగ్గర మా పడవకు ఎక్సలేటరు పూర్తిగా లేచిన చోట పట్టేసింది. ఇసుక మేట మీద అలలు విరుగుతున్నాయి. ఇంజిను ఆపితే అల తిప్పేస్తుంది, ఆపకపోతే మేట మీదికి వెళ్తాం. మా మామయ్య గేరు తీయబోతే అదీ రాలేదు, ఒకటే లివరు కదా. చివరికి తాడు లాగి, తెడ్లతో బయటపడ్డాం. ఆ కేబులు మూడు నెలలుగా బిగువుగానే ఉంది, మేమే పట్టించుకోలేదు. మళ్ళీ అలాంటి కేబులుతో ఎవరూ వెళ్ళకండి.

ఉప్పుగాలి, వేళచ్చేరి
మంగళవారం, రాత్రి 8.00

కేబులు మొత్తం బయటికి లాగాం. వెనక సీటు కింద, పెట్రోలు ట్యాంకు పక్కన, నాలుగు వైర్లతో కలిపి ప్లాస్టిక్ పట్టీతో గట్టిగా బిగించి ఉంది. అక్కడే చిన్న మలుపు కూడా ఉంది, నా అరచేయి పట్టేంత. పట్టీ కోసేసరికి కింద తొడుగు చీలి కనిపించింది. చీలికలోంచి గోధుమ రంగు పొడి రాలింది. వేలితో నులిమితే ఇసుకలా గరగరలాడింది. ఆ ముక్క కోసి చూశాను. మీరు చెప్పిన నిలువు తీగల్లో సగం తుప్పుకు కలిసిపోయి ఒకే ముద్దలా ఉన్నాయి. నడుమ తీగను పట్టకారుతో లాగినా రాలేదు.

బాక్సు మార్చి ఉంటే ఈ కేబులే దానికీ తగిలించేవాళ్ళం. కొత్త బాక్సుకూ అదే బిగువు వచ్చేది.

ఇప్పుడు కొలత ఎలా? తొడుగు మీద అంకెలు చెరిగిపోయాయి.

కాశిమేడు పానా
మంగళవారం, రాత్రి 8.40

పాతదాన్ని నేల మీద నిటారుగా చాచు. ఒక ఇనుప కొస నుంచి ఇంకో ఇనుప కొస దాకా టేపు పెట్టు. కోసిన ముక్క కలిపి లెక్కించు. అడుగుల్లోనే అమ్ముతారు. మధ్యలో వస్తే పై అడుగుకు వెళ్ళు, తక్కువ మాత్రం తీసుకోకు. నీ పాతది గట్టిగా లాగి బిగించి ఉంటే ఇంకో అడుగు కలుపు. ఇంజిను రెండు వైపులా తిరగాలి, పైకి ఎత్తాలి. అప్పుడు లాక్కోకుండా వెనక ఒక మెలిక ఉండాలి.

మామూలు కేబులును 8 అంగుళాల అర్ధవ్యాసం కన్నా చిన్న మలుపులో వంచకూడదు. అంటే మలుపును పూర్తి చుట్టు చేస్తే భోజనం విస్తరి కన్నా పెద్దదవ్వాలి. నీకు అరచేయి పట్టేంత మలుపు ఉందంటే తొడుగు అక్కడే ఎందుకు చీలిందో తెలుస్తోంది కదా. మలుపులు ఎన్ని తక్కువైతే లివరు అంత మెత్తగా ఉంటుంది. పట్టీలు వదులుగా వెయ్, కేబులు వాటి లోపల జరగాలి.

గేరు కేబులు కూడా అదే వయసుది, అదే దారిలో వచ్చింది. దాన్నీ మార్చెయ్. కాశిమేడు హార్బరు బయటి కొట్లలో వాకబు చెయ్. బాక్సు ఫోటో, కొసల ఫోటో పట్టుకెళ్ళు. ఒక్కో కంపెనీ బాక్సుకు కొసలు వేరుగా ఉంటాయి. పనంతా ఈ రెండు నెలల్లో చేసుకో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, పెద్ద బోట్లన్నీ మరమ్మతుకు ఒడ్డెక్కుతాయి. అప్పుడు మాలో ఎవరికీ చేతులు ఖాళీ ఉండవు.

ఉప్పుగాలి, వేళచ్చేరి
ఆదివారం, సాయంత్రం 6.30

రెండు కేబుళ్ళూ వేశాం. పాతది 13 అడుగులు, 14 అడుగులవి తెచ్చాం. సీటు కింది మలుపు తీసేసి పక్క గోడ వెంట తీసుకొచ్చాం. లివరు న్యూట్రల్‌లో, లింకు పూర్తిగా మూసుకున్న చోట పెట్టి కేబులు కొస కలిపాం. లివరు చివరిదాకా నెట్టి, లింకు తెరుచుకునే ఆఖరి చోటుకు సరిగ్గా తాకుతోందో లేదో ఇంజిను ఆపి ఉండగానే చూశాం. పాత పిన్నులు వాడలేదు, కొత్తవే వేశాం.

ఒక్కటి మాత్రం ఉంది అన్నా. ఇంజిను నేరుగా ఉంటే లివరు ఎంత బాగుందో చెప్పలేను, రెండు వేళ్ళతో వెళ్తోంది. స్టీరింగు పూర్తిగా ఎడమకు తిప్పితే మాత్రం కొంచెం బరువెక్కుతోంది. డ్రమ్ములో పెట్టి న్యూట్రల్‌లో నడిపితే, ఇంజిను ఎడమకు తిరిగినప్పుడు ఐడిల్ (ఎక్సలేటరు ఇవ్వనప్పటి ఇంజిను వేగం) కూడా కాస్త పెరుగుతోంది.

కాశిమేడు పానా
ఆదివారం, సాయంత్రం 7.00

అలా తిప్పి చూసుకోవడం మంచి పని చేశావు. ఎడమకు తిరిగినప్పుడు కేబులు సాగి లింకును లాగుతోంది. అందుకే ఐడిల్ పెరిగింది. అలా వదిలేస్తే ఒడ్డు దగ్గర మలుపు తిప్పినప్పుడల్లా వేగం పెరుగుతుంది. ఇంజిను దగ్గర వదిలిన మెలిక చాలలేదు. గోడ వెంట బిగించిన పట్టీల్లో ఇంజినుకు దగ్గరగా ఉన్న రెండింటినీ ఇప్పి, అరడుగు కేబులు వెనక్కి వదులు. ఆ తర్వాత పూర్తిగా ఎడమ, పూర్తిగా కుడి, పైకి ఎత్తి, దింపి, నాలుగు చోట్లా లివరు కదుపు. నాలుగు చోట్లా ఒకేలా ఉండాలి.

ఉప్పుగాలి, వేళచ్చేరి
ఆదివారం, రాత్రి 8.10

సరిపోయింది అన్నా. సెల్‌ఫోన్ లైటు వెలుగులో చేశాం. ఎడమకూ కుడికీ ఒకే తీరుగా ఉంది, ఐడిల్ కదలడం లేదు. బావగారు లివరును చిటికెన వేలితో నెట్టి చూపించారు. ఇద్దరం చాలాసేపు అక్కడే కూర్చున్నాం.

వచ్చే ఆదివారం మేమిద్దరమే దిగుతాం, పిల్లలు లేకుండా. ఎర్ర తాడు నా చేతికే ఉంటుంది. కేబులు కొసలకు ఏమైనా పూయాలా?

కాశిమేడు పానా
ఆదివారం, రాత్రి 8.25

బయటికి కనిపించే ఇనుప కడ్డీకీ పిన్నులకూ నీళ్ళకు కరగని మెరైన్ గ్రీజు పల్చగా రాయి, లోపలికి ఎక్కించకు. వచ్చిన ప్రతిసారీ ఇంజిను మూత తీసి కొసల మీది ఉప్పును తడిగుడ్డతో తుడువు. రెండుసార్లు తిరిగొచ్చాక కొసల దగ్గరి లాక్‌నట్లు పానాతో ఒకసారి చూడు, కొత్తలో వదులవుతాయి.